జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలతో పోస్టర్లు: బొమ్మ కంటే ముందు వాక్యం రాయండి

మీరు అడిగింది ఇదీ: ఒక స్వచ్ఛంద సంస్థలో గ్రాఫిక్ డిజైనర్‌గా చేస్తున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 నుంచి దేశం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అంకెలు తీసి పీహెచ్‌సీలకూ అంగన్‌వాడీలకూ పోస్టర్లు, వాట్సాప్‌లో పంపుకోడానికి కార్డులు తయారు చేయాలి. 12 సూచికలు ఒకే పోస్టర్‌లో పెట్టమన్నారు. ఏ చార్ట్ వాడాలి, జిల్లాల మ్యాప్ పెట్టాలా, రంగులు ఎలా ఎంచుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను గణాంకాల వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఈ సర్వేల డేటా చూడటం, శిక్షణల్లో ఏఎన్‌ఎంలకూ ఆశాలకూ వివరించడం చాలా ఏళ్లుగా నా పని. మీ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్తాను గానీ కాస్త ఆగి చెప్తాను. ఆరోగ్య పోస్టర్లలో నాకు కనిపించే తప్పుల్లో ఎక్కువ భాగం బొమ్మ గీసేటప్పుడు జరగవు. ఫ్యాక్ట్‌షీట్‌లోంచి, అంటే సర్వే ముఖ్య అంకెలన్నీ పట్టికగా ఇచ్చే పత్రంలోంచి, అంకెను కాపీ చేసుకునేటప్పుడే జరిగిపోతాయి. ఆ అంకె ఎవరి గురించో చూడకుండా తెచ్చుకుంటాం. ఆపైన ఎంత కష్టపడి గీసినా ఆ తప్పు ఇంకా ఎక్కువమందికి చేరుతుంది, అంతే.

అందుకే నా దగ్గర పని చేసే పిల్లలకి ఒక షరతు పెడతాను. ఏ అంకెనైనా పోస్టర్‌లోకి తెచ్చే ముందు దాన్ని పూర్తి తెలుగు వాక్యంగా రాయాలి. ఎవరిలో, ఎంతమందికి, ఎప్పుడు అన్న మూడూ అందులో ఉండాలి. "మహిళల్లో రక్తహీనత 57%" అంటే ఒప్పుకోను. "2019-21 సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ప్రతి 100 మందికి 57 మందికి రక్తం తక్కువగా ఉంది" అని రాయాలి. ఈ వాక్యం సరిగ్గా కుదిరితే చార్ట్ ఏదన్న ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే. ప్రతి 100 మందిలో అన్నాం కాబట్టి 100 చిన్న బొమ్మలు వేసి 57కి రంగు నింపితే సరిపోతుంది. వాక్యం కుదరకపోతే ఆ అంకె మీకు ఇంకా అర్థం కాలేదని లెక్క. గీయకండి.

ఇది చాదస్తంగా అనిపిస్తే 2021 నవంబరు గుర్తు చేసుకోండి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 దేశ స్థాయి ఫ్యాక్ట్‌షీట్ విడుదలైన వెంటనే, దేశంలో తొలిసారి మగవాళ్ల కంటే ఆడవాళ్ల సంఖ్య ఎక్కువైందని వార్తలు వచ్చాయి. గులాబీ రంగు ఆడబొమ్మ ఒకటి, నీలం మగబొమ్మ ఒకటి, పైన 1,020 : 1,000 అని రాసిన కార్డులు ఫోన్లన్నీ తిరిగాయి. అంకె నిజమే, ఫ్యాక్ట్‌షీట్‌లో ఉంది. అయితే అది దేశంలో తలలన్నీ లెక్కపెట్టి చెప్పింది కాదు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఇళ్లకు వెళ్లి చేసే నమూనా సర్వే. ఐదో విడతలో సుమారు 6.37 లక్షల ఇళ్లకు వెళ్లారు. ఈ నిష్పత్తిని సర్వేవాళ్లు వెళ్లడానికి ముందు రోజు రాత్రి ఆ ఇంట్లో ఉన్నవాళ్లను బట్టి కడతారు. పని కోసం ఊరు వదిలి వెళ్లి సైట్‌లో పడుకునేవాళ్లు, హాస్టళ్లలో, బ్యారక్‌లలో, జైళ్లలో ఉన్నవాళ్లు ఇందులోకి రారు. వాళ్లలో మగవాళ్లే ఎక్కువ. 2011 జనగణనలో ఇదే నిష్పత్తి 943. పదేళ్లలో 943 నుంచి 1,020కి పోవాలంటే ఏం జరగాలో ఆలోచిస్తే అనుమానం రావాలి.

అదే ఫ్యాక్ట్‌షీట్‌లో ఆ వరుస కిందే ఇంకో వరుస ఉంది: గత ఐదేళ్లలో పుట్టిన పిల్లల్లో 1,000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 929 మంది. తెలంగాణ ఫ్యాక్ట్‌షీట్ తీస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మొత్తం జనాభాలో 1,049, పుట్టిన పిల్లల్లో 894. సహజంగా 1,000 మంది మగపిల్లలకు 950 మంది దాకా ఆడపిల్లలు పుడతారు. అంటే 1,049 చూసి పండగ చేసుకునేవాళ్లకి, దాని కిందే ఉన్న 894 కనబడలేదు. మీ సంస్థ ఆడపిల్లల మీద పోస్టర్ అడిగితే పెట్టాల్సింది పుట్టుక నాటి నిష్పత్తే. మొదటి దాన్ని ఆ పోస్టర్ దరిదాపులకు కూడా రానివ్వకండి. రెండూ పక్కపక్కన పెట్టి "వివరణ కింద చూడండి" అంటే ఎవరూ చూడరు.

ఇప్పుడు బార్ల సంగతి. దేశంలో పుట్టుక నాటి నిష్పత్తి నాలుగో విడతలో (2015-16) 919, ఐదో విడతలో 929. దీన్ని రెండు నిలువు బార్లుగా గీసి, అడుగున సున్నాకి బదులు 900 పెట్టారనుకోండి. ఒక బార్ ఎత్తు 19, రెండోది 29. చూసినవాడికి ఒకటిన్నర రెట్లు పెరిగినట్టు ఉంటుంది. నిజంగా పెరిగింది నూటికి ఒకటి. చార్ట్ చేసే సాఫ్ట్‌వేర్లు కొన్ని అడుగు అంకెను వాటంతట అవే ఇలా మార్చేస్తాయి, కాబట్టి ప్రతిసారీ చూసుకోండి. బార్ అయితే సున్నా నుంచే మొదలవ్వాలి. గీత చార్ట్‌కి ఆ నియమం అంత కఠినంగా లేదు, ఎందుకంటే అక్కడ కన్ను ఎత్తును కాక వాలును చూస్తుంది. 919, 929 లాంటి వాటికి నన్నడిగితే చార్టే వద్దు. రెండు పెద్ద అంకెలు, మధ్యలో ఒక బాణం, కింద ఒక వాక్యం చాలు.

బొమ్మల సైజుతో ఆట కూడా ఇలాంటిదే. రెట్టింపు అని చూపించడానికి గర్భిణి బొమ్మను రెట్టింపు ఎత్తు చేస్తారు. ఎత్తుతో పాటు వెడల్పూ రెట్టింపు అవుతుంది, కాగితం మీద అది నాలుగింతల జాగా తింటుంది. వియన్నాలో 1920లలోనే ఓటో న్యూరాత్ అనే ఆయన సామాన్య జనానికి గణాంకాలు చూపించే మ్యూజియం పెట్టి దీనికి మందు చెప్పాడు: ఎక్కువని చూపాలంటే బొమ్మను పెద్దది చేయకు, అదే సైజు బొమ్మలు ఎక్కువ పెట్టు. తర్వాత ఐసోటైప్ అని పేరొచ్చిన ఆ పద్ధతి నూరేళ్లకు దగ్గరైనా పాతబడలేదు. పీహెచ్‌సీ గోడ మీద పోస్టర్‌కి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

ఇక పిల్లల పోషణ. అందరూ బోల్తా పడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో ఐదేళ్ల లోపు పిల్లలకు దేశ స్థాయిలో మూడు అంకెలుంటాయి. వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 35.5 శాతం, ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 19.3 శాతం, వయసుకు తగ్గ బరువు లేనివాళ్లు 32.1 శాతం. మూడు శాతాలు ఒకే వరుసలో కనబడేసరికి డిజైనర్ చెయ్యి పై (pie) చార్ట్, అంటే గుండ్రటి బొమ్మను ముక్కలుగా కోసే చార్ట్ మీదకి పోతుంది. మూడూ కూడితే 86.9. మిగిలిన 13.1కి "ఆరోగ్యంగా ఉన్న పిల్లలు" అని ఆకుపచ్చ రంగు వేసేస్తే చూడ్డానికి ఎంతో కుదురుగా ఉంటుంది. పూర్తిగా తప్పు. ఇవి ఒకే పిల్లల్ని మూడు రకాలుగా కొలిచిన కొలతలు. ఎత్తు తక్కువున్న పిల్లాడే బరువు తక్కువ లెక్కలోనూ ఉండొచ్చు, మూడింట్లోనూ ఉండొచ్చు. కాబట్టి వీటిని కూడకూడదు, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. మూడు వేరువేరు వరుసలుగా, ఒక్కో వరుసలో వంద పిల్లల బొమ్మలతో చూపించాలి. పై (pie) చార్ట్ పనికొచ్చేది ఒక మనిషి ఒక్క ముక్కలోనే ఉండగలిగినప్పుడు మాత్రమే.

ఇంకోటి. ఈ మూడూ నాలుగో విడత కంటే తగ్గాయి (38.4, 21.0, 35.8 ఉండేవి). పోస్టర్‌కి "పోషణ మెరుగైంది" అని శీర్షిక పెట్టొచ్చు. కానీ ఎత్తుకు తగ్గ బరువు మరీ తీవ్రంగా తగ్గిన పిల్లలు 7.5 నుంచి 7.7 శాతానికి వెళ్లారు. ఇది పెరిగిందని గట్టిగా చెప్పేంత తేడా కాదు, తగ్గలేదని మాత్రం చెప్పొచ్చు. అంగన్‌వాడీ టీచరుకు పనికొచ్చే ముక్క అదే. బరువు తూచి వెంటనే పై ఆసుపత్రికి పంపాల్సిన పిల్లలు వీళ్లే కాబట్టి. శీర్షికకు నప్పలేదని దాన్ని వదిలేయకండి.

రక్తహీనత అంకెలు పోస్టర్‌లో బాగా పండుతాయి, ఎందుకంటే పెద్దవి. 6 నుంచి 59 నెలల పిల్లల్లో 58.6 నుంచి 67.1 శాతానికి పెరిగింది. తెలంగాణలో 70, ఆంధ్రప్రదేశ్‌లో 63.2. ఇక్కడ రెండు జాగ్రత్తలు. 58.6 నుంచి 67.1 అంటే పెరిగింది 8.5 శాతం పాయింట్లు. "8.5 శాతం పెరిగింది" అని రాస్తే తప్పు, 58.6 మీద 8.5 అంటే పెరిగింది పద్నాలుగున్నర శాతం. ఈ గొడవంతా లేకుండా "2015-16లో 100 మంది పిల్లల్లో 59 మందికి, 2019-21లో 67 మందికి" అని రాసేయండి. ప్రజలకు పెట్టే పోస్టర్‌లో దశాంశ బిందువు పెద్దగా ఏ మేలూ చేయదు. రెండోది, ఈ సర్వేలో వేలి కొన నుంచి తీసిన రక్తపు చుక్కతో అక్కడికక్కడే పరీక్ష చేస్తారు. సిర నుంచి తీసిన రక్తంతో చేసే పరీక్షకీ దీనికీ ఫలితం తేడా రావచ్చని శాస్త్రవేత్తల్లో వాదన ఉంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ సిర రక్తంతో ప్రత్యేక సర్వే చేపట్టడానికి ఆ వాదనే ఒక కారణం. రేపు ఆ పద్ధతిలో వచ్చిన అంకెను ఈ 67 పక్కన పెట్టి "తగ్గింది" అని బాణం గీయకూడదు. కొలిచే పద్ధతి మారిన చోట గీత తెంపేయాలి.

సిజేరియన్ల మీద పోస్టర్ అంటే మన రెండు రాష్ట్రాల్లో తప్పకుండా అడుగుతారు. దేశంలో 100 కాన్పుల్లో 21 లేదా 22 పెద్ద ఆపరేషన్లయితే, తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణ ఫ్యాక్ట్‌షీట్‌లో దీని కింద ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 అనీ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 అనీ ఉంటుంది. ఈ 81.5ని "సిజేరియన్లలో 81.5 శాతం ప్రైవేటులోనే" అని చదివి కార్డు చేసినవాళ్లున్నారు. 81.5, 44.5 కూడితే 126 వస్తుందని కూడా చూసుకోలేదు. దాని అర్థం: ప్రైవేటు ఆసుపత్రిలో జరిగిన ప్రతి 100 కాన్పుల్లో 81 లేదా 82 ఆపరేషన్లు. ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన ప్రతి 100 కాన్పుల్లో 44 లేదా 45. దీన్నే రెండు వంద గడుల బొమ్మలుగా పక్కపక్కన పెట్టండి. పైన ఆసుపత్రి రకం, కింద ఈ వాక్యాలు. శిక్షణలో ఇలాంటిది చూపించినప్పుడు ఒక ఆశా కార్యకర్త రెండో బొమ్మ మీద వేలు పెట్టి, "సార్, సర్కారు దవాఖానలో కూడా సగం దగ్గర దగ్గర ఆపరేషన్లేనా?" అని అడిగింది. నేను చెప్పదలచుకున్నది ప్రైవేటు గురించి. ఆమె చూసింది ఇంకోటి, నాకన్నా ముఖ్యమైనది. వంద గడుల బొమ్మ సరిగ్గా ఉంటే చూసేవాళ్లు సొంతంగా ప్రశ్న వేస్తారు. ఎర్రటి అక్షరాలతో "ప్రైవేటు దోపిడీ" అని పెట్టి ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు.

జనాభా విషయానికొస్తే, ఒక్కో స్త్రీకి సగటున ఎంతమంది పిల్లలు అన్న లెక్క ఐదు విడతల్లో ఇలా ఉంది: 1992-93లో 3.4, 1998-99లో 2.9, 2005-06లో 2.7, 2015-16లో 2.2, 2019-21లో 2.0. దీనికి గీత చార్ట్ బాగుంటుంది. కాకపోతే ఎక్సెల్‌లో ఈ ఐదింటినీ వరుసగా ఇస్తే అడుగున సమాన దూరంలో పెట్టేస్తుంది. విడతల మధ్య వ్యవధి సమానం కాదు: ఆరేళ్లు, ఏడేళ్లు, పదేళ్లు, ఆ తర్వాత నాలుగైదేళ్లు. మొదటి ఆరేళ్లలో తగ్గింది 0.5, మూడో వ్యవధిలో పదేళ్లకు తగ్గిందీ 0.5. సమాన దూరంలో పెడితే రెండు వాలులూ ఒకేలా కనిపిస్తాయి. అడుగు గీత మీద సంవత్సరాల్ని వాటి దూరంలో వాటిని ఉంచితేనే తగ్గుదల ఎప్పుడు వేగంగా ఉందో కనబడుతుంది. చాలా పెద్ద పత్రికల గ్రాఫిక్స్‌లో కూడా ఈ తప్పు దొర్లుతూనే ఉంటుంది.

దీని పక్కన 2.1 దగ్గర (ఒక తరం స్థానాన్ని తర్వాతి తరం సరిగ్గా భర్తీ చేసే స్థాయి) ఒక చుక్కల గీత గీసి "ఇది దాటి కిందకొస్తే జనాభా తగ్గుతుంది" అని రాయడం అలవాటు. రాయకండి. ఇప్పుడు పెళ్లీడుకొచ్చిన తరం పెద్దది, ఒక్కొక్కరికి ఇద్దరే పుట్టినా పుట్టేవాళ్ల మొత్తం సంఖ్య ఎక్కువే. అందుకే ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8 దగ్గరున్నా, దేశం 2.0 దగ్గరున్నా దేశ జనాభా ఇంకా కొన్ని దశాబ్దాలు పెరుగుతుంది. చుక్కల గీత పెట్టి తీరాలంటే "ఇలాగే చాలాకాలం కొనసాగితే" అన్న మాట పక్కనే ఉండాలి.

ఈ లెక్కలోనే మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకమైన చిక్కొకటుంది. మూడో విడత నాటికి ఉన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2005-06 అంకెను తీసుకొచ్చి ఇప్పటి ఆంధ్రప్రదేశ్ గీతకు మొదట్లో అతికిస్తే అందులో తెలంగాణ కూడా కలిసి ఉంటుంది. తెలంగాణకి విడిగా ఫ్యాక్ట్‌షీట్ నాలుగో విడత నుంచే. ఫ్యాక్ట్‌షీట్లతోనే పని చేసేవాళ్లు 2015-16 నుంచి మొదలుపెట్టడమే మంచిది. ఇంకో చిన్న విషయం, 2019-21 అని రాస్తాం గానీ మన రెండు రాష్ట్రాల్లో ఇంటింటి సర్వే 2019లోనే అయిపోయింది. కాబట్టి "కరోనా తర్వాత తెలంగాణలో" అని ఈ అంకెల మీద కథ అల్లడానికి వీల్లేదు.

రెండు చోట్ల నుంచి తెచ్చిన అంకెల్ని ఒక గీతలో కలపకండి. శిశు మరణాలు ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లలకు 35, ఎంపిక చేసిన ప్రాంతాల్లో జనన మరణాలు నమోదు చేసే ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో 2020కి 28. రెండూ ప్రభుత్వ అంకెలే. మొదటిది సర్వేకి ముందు ఐదేళ్ల కాలానిది, రెండోది ఒక్క ఏడాదిది, సేకరించే పద్ధతులూ వేరు. ఒకటి 2016 చుక్కగా, ఇంకోటి 2020 చుక్కగా పెట్టి గీత కలిపితే లేని విజయం ఒకటి పుడుతుంది.

తల్లుల మరణాల రేటు శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ నుంచే తీసుకోవాలి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఫ్యాక్ట్‌షీట్‌లో అది ఉండదు. 2018-20లో దేశంలో లక్ష సజీవ జననాలకు 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. వంద బొమ్మల పద్ధతి ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే వందలో ఒక్క బొమ్మకి కూడా రంగు పడదు. "వెయ్యి కాన్పులకు దాదాపు ఒక తల్లి" అని దేశానికి రాయొచ్చు, వెయ్యి చుక్కలు వేసి ఒకదానికి రంగు వేయొచ్చు. 45, 43 మధ్య మాత్రం పోటీ పెట్టకండి. లక్షకి నలభై అంటే నమూనాలో దొరికే మరణాలు చాలా కొద్ది, అందుకే మూడేళ్లవి కలిపి లెక్క కడతారు. ఆ రెండంకెల తేడా మీద "మనమే ముందు" అన్న కార్డు చేస్తే, అటువైపు వాళ్లు వచ్చే ఏడాది తిరగేసి పంపుతారు. ఆరోగ్య శాఖలకీ, సోషల్ మీడియా టీములకీ ఈ ర్యాంకుల పిచ్చి ఎప్పుడు వదులుతుందో తెలీదు.

ఇప్పుడు మ్యాప్. నా సలహా, పెట్టకపోవడం మేలు. మ్యాప్‌లో కంటికి కనబడేది జాగా, మనుషులు కారు. రాజస్థాన్ 3.42 లక్షల చదరపు కిలోమీటర్లు, కేరళ 39 వేలకు కాస్త తక్కువ. 2011 జనాభా చూస్తే రాజస్థాన్ 6.85 కోట్లు, కేరళ 3.34 కోట్లు. జాగాలో దాదాపు తొమ్మిది రెట్లు, మనుషుల్లో రెండు రెట్లు. ఎర్ర రంగు పడితే రాజస్థాన్ దేశాన్ని మింగేసినట్టుంటుంది. దేశ పటం తప్పదంటే ఒక్కో రాష్ట్రాన్ని ఒకే సైజు గడిగా పెట్టి దాదాపు దాని దిక్కులో ఉంచే పద్ధతి వాడండి. అసలు పటమే కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా సరిహద్దులతో ఉన్నదే తీసుకోవాలి. విదేశీ టెంప్లేట్లలో వచ్చే మ్యాప్‌లో జమ్మూకశ్మీర్, లద్దాఖ్ సరిహద్దు మన అధికారిక పటంలో ఉన్నట్టు ఉండదు, అది ముద్రిస్తే చట్టపరంగా ఇబ్బందే.

జిల్లాల మ్యాప్ ఇంకా కష్టం. నాలుగో విడతలో తెలంగాణకు 10 జిల్లాలు. ఐదో విడతలో 31. ఇప్పుడు 33. ఆంధ్రప్రదేశ్‌కి రెండు విడతల్లోనూ 13, 2022 ఏప్రిల్ నుంచి 26, ఆ తర్వాత కూడా మార్పులు. పాత వరంగల్ అంకెనీ కొత్త వరంగల్ అంకెనీ పక్కపక్కన పెట్టి "జిల్లాలో మార్పు" అంటే అవి రెండు వేరే ఊళ్ల గుంపులు. పాత విశాఖపట్నం జిల్లా అంకెను ఇప్పటి విశాఖపట్నం మీద రంగుగా పూస్తే మన్యం, నగరం కలిసిన సగటు నగరం మీద పడుతుంది. జిల్లా అంకెలు చెప్పాలంటే ఐదో విడత నాటి జిల్లాల పేర్లతో ఒక పట్టిక పెట్టి, ఎప్పటి హద్దులో పైన రాసేయండి.

జిల్లా ఫ్యాక్ట్‌షీట్లు తెరిచినప్పుడు కొన్ని అంకెలు బ్రాకెట్లలో కనిపిస్తాయి, కొన్ని చోట్ల అంకెకు బదులు నక్షత్రం గుర్తు ఉంటుంది. బ్రాకెట్ అంటే ఆ శాతం 25 నుంచి 49 మంది మీదే కట్టింది. నక్షత్రం అంటే 25 మంది కూడా దొరకలేదు కాబట్టి అంకె ఇవ్వలేదు. ఎక్సెల్‌లోకి దించుకునేటప్పుడు బ్రాకెట్లు ఊడిపోవచ్చు, నక్షత్రం సున్నా అయిపోవచ్చు. "ఈ జిల్లాలో విరేచనాలైన పిల్లలకు ఓఆర్ఎస్ సున్నా శాతం" అన్న పోస్టర్ అలా పుట్టుకొస్తుంది. పీడీఎఫ్‌ని పక్కన పెట్టుకుని ఒక్కో అంకెనూ కళ్లతో సరిచూడటం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

రంగుల గురించి. ఎరుపు-ఆకుపచ్చ జంట వద్దు, ఆ రెండిటికీ తేడా తెలియని మగవాళ్లు తక్కువేం కాదు. ఇక మన దగ్గర పసుపు, నీలం, గులాబీ, కాషాయం – ఏ రంగు ఏ పార్టీదో బడిపిల్లలకి కూడా తెలుసు. ప్రభుత్వ ఆసుపత్రిలో పెట్టే పోస్టర్‌లో వాటిలో ఒకదానికి పెత్తనం ఇస్తే ఎన్నికల కోడ్ వచ్చిన రోజున దాని మీద కాగితం అతికిస్తారు, లేదా ప్రభుత్వం మారగానే చింపేస్తారు. ముదురు ఊదా, బూడిద లాంటివి చూడండి. ఒకే రంగులో లేత నుంచి ముదురుకి పోతే ఇంకా మంచిది, ఎందుకంటే మీరు ఫ్లెక్సీ వేయించినా కింది సబ్‌సెంటర్‌కి చేరేది దాని జిరాక్స్ కాపీయే. పంపే ముందు ఒకసారి నలుపు-తెలుపులో ప్రింట్ తీసి చూడండి. అందులో కూడా అర్థమైతే పాసైనట్టే.

అక్షరాలకు యూనికోడ్ ఫాంట్ వాడండి, నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు లాంటివి ఉచితమే. డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టించిన మేటర్‌ని వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మొత్తం పిచ్చిగీతలవుతుంది. వరుసల మధ్య ఇంగ్లిష్‌కి ఇచ్చినంత ఖాళీ ఇస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. "స్త్రీ", "సంపూర్ణ" లాంటి మాటలతో పరీక్షించండి. మిలియన్లు వద్దు, లక్షలు, కోట్లలోనే రాయండి.

12 సూచికలు ఒకే పోస్టర్‌లో పెట్టమన్నారన్నారు. దేశ ఫ్యాక్ట్‌షీట్‌లో 131 ఉన్నాయి, అందులోంచి 12 ఎంచడమే గొప్ప అనుకుని ఉంటారు మీవాళ్లు. వాళ్లతో ఇలా మాట్లాడి చూడండి: ఈ పోస్టర్ చూసిన మనిషి సోమవారం పొద్దున ఏం వేరేగా చేయాలి? ఆ పనికి సంబంధించిన అంకె ఏదో అది ఉంచుదాం. అంగన్‌వాడీకి పిల్లల బరువు, ఏఎన్‌ఎంకి గర్భిణుల రక్తం, స్కానింగ్ సెంటర్ దగ్గర పుట్టుక నాటి నిష్పత్తి. 12 పెట్టాల్సిందే అని పట్టుబడితే 12 కార్డులు చేసి ఇవ్వండి, వారానికొకటి వాట్సాప్‌లో పంపుకుంటారు. ప్రతి కార్డులోనూ సర్వే పేరు, విడత, సంవత్సరం బొమ్మలోనే ఉండాలి. కింద క్యాప్షన్‌లో రాస్తే మొదటి ఫార్వర్డ్‌కే ఊడిపోతుంది.

ఇంకొక్క విషయం, మీ బడ్జెట్‌లో గోడల మీద పెయింట్ వేయించడానికి కూడా డబ్బు పెట్టారని రాశారు కదా. గోడ మీద అంకెలు వేయించకండి. 2011 తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ ఫలితాలు వచ్చేసరికి జనాభా అంకెలన్నీ మారతాయి. గోడ మీద రంగు మాత్రం ఎనిమిదేళ్లైనా అలాగే ఉంటుంది, దాన్ని చూసి పిల్లలు ప్రాజెక్టులు రాసుకుంటారు. గోడకి "బిడ్డను నెలనెలా తూచండి" లాంటి మాట వేయించి, అంకెల్ని ఫ్లెక్సీకీ ఫోన్‌కీ ఉంచండి. మీ అసలు డిజైన్ ఫైల్ సంస్థ దగ్గర ఒక కాపీ ఉండాలి, కొత్త అంకెలు వచ్చిన రోజున మీరు అక్కడ పని చేస్తూ ఉండకపోవచ్చు.